మిడ్-ఇంజన్ రెప్లికా రేస్ కారులో గేర్లు ఖచ్చితంగా పడాలంటే: షిఫ్ట్ లింకేజీ పని

ఫోర్డ్ జీటీ40 లాంటి 1960ల రేస్ కార్ల రెప్లికాల్లో డ్రైవర్ చేతికీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఇంజన్ మొత్తం అడ్డంగా ఉంటుంది. లీవర్ కుడివైపు తలుపు కింది సిల్ మీద, గేర్‌బాక్స్ వెనక చక్రాల దగ్గర. అసలు జీటీ40లో చాలావాటికి జెడ్‌ఎఫ్ ఐదు గేర్ల ట్రాన్స్‌యాక్సిల్ (గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో) ఉండేది. రెప్లికాల్లో దాని బదులు రెనో యూఎన్1, ఆడి 016, పోర్షే గేర్‌బాక్సులు ఎక్కిస్తారు. అవి తయారైంది వేరే కార్ల కోసం. వాటి సెలెక్టర్ షాఫ్ట్ (గేర్లను ఎంచి వేసే కడ్డీ) మనకు కావలసిన చోట ఉండదు కాబట్టి లీవర్ నుంచి దాని దాకా వెళ్లే రాడ్ రెండు మూడు వంపులు తిరగక తప్పదు. ఈ రాడ్, దాని జాయింట్లు కలిపితే షిఫ్ట్ లింకేజీ. గేర్ల బాధ అంతా ఆ వంపుల్లోనే పుడుతుంది. పోర్షే కంపెనీకే ఇది తప్పలేదు. 1970 మోడల్‌గా వచ్చిన 914లో రాడ్ గేర్‌బాక్స్ తోక దాకా వెళ్లేది. ఆ అమరికను 1973 మోడల్‌కి మార్చి, రాడ్‌ను పక్కనుంచి కలిపారు.

అందుకే గేర్లు సరిగ్గా పడకపోతే, గేర్‌బాక్స్ విప్పే ముందు లింకేజీని చూడండి. లింకేజీకి ముందు క్లచ్‌ని చూడండి.

ఇంజన్ ఆపి, వెనక చక్రాలు గాల్లోకి లేపి, ఒకరు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతుండగా గేర్లన్నీ వేసి చూడండి. చక్రం తిప్పకపోతే డాగ్ పళ్లు (గేర్‌ని షాఫ్ట్‌కి కలిపే పళ్లు) ఎదురెదురుగా తగిలి బాగున్న గేర్ కూడా పడనట్టే ఉంటుంది. తర్వాత కారు దింపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి పది సెకన్లు ఆగి రివర్స్ వేయండి. ఇంజన్ ఆపినప్పుడు సులువుగా పడిన గేర్ ఇప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. ఈ స్థితిలో లింకేజీకి ఎంత ఖర్చు పెట్టినా దండగే.

క్లచ్ వదలకపోవడానికి ఇలాంటి కార్లలో రెండు కారణాలు ముందు నిలుస్తాయి. మొదటిది క్లచ్ ద్రవంలో చేరిన గాలి. పెడల్ నుంచి వెనక దాకా పైపు పొడవుగా ఉంటుంది, మధ్యలో ఎక్కడ ఎత్తుగా వంగినా అక్కడ గాలి బుడగ నిలబడిపోతుంది. వెనక క్లచ్‌ని కదిపే స్లేవ్ సిలిండర్‌కి గాలి వదిలే బ్లీడ్ నిప్పిల్ కిందివైపు ఉన్నా అంతే. రెండోది పెడల్ దగ్గర ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ సైజు. పిస్టన్ 25 మి.మీ. కదిలితే 17.8 మి.మీ. బోర్ మాస్టర్, 22.2 మి.మీ. స్లేవ్‌ని దాదాపు 16 మి.మీ. కదుపుతుంది. అదే 19 మి.మీ. బోర్ అయితే 18.3 మి.మీ. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాలోనే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. పెడల్ మాత్రం కాస్త బరువెక్కుతుంది. ఎక్కువ కదిలించినా ప్రమాదమే, క్లచ్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ వేళ్లు వంగిపోతాయి. కాబట్టి పెడల్‌కి ఒక స్టాప్ పెట్టండి.

క్లచ్ బాగుందని తేలాక రాడ్‌ని గేర్‌బాక్స్ దగ్గర విడదీసి, సెలెక్టర్ షాఫ్ట్‌ని దానికి తగిలించిన ఒక చిన్న మీటతో నేరుగా కదపండి. ప్రతి గేరూ ‘టక్’మని కూర్చోవాలి, వదిలితే న్యూట్రల్‌లో షాఫ్ట్ స్ప్రింగ్ బలంతో మధ్య (మూడు-నాలుగు) వరుసకు రావాలి. ఇక్కడ బాగుంటే గేర్‌బాక్స్ నిర్దోషి. ఈ స్పర్శను గుర్తుపెట్టుకోండి, పని పూర్తయ్యాక లీవర్ దగ్గర కావలసింది ఇదే.

ఇప్పుడు ప్లే, అంటే లూజు, కొలవాలి. రాడ్ తిరిగి కలిపి, మూడో గేర్‌లో ఉంచి, గేర్‌బాక్స్ వైపు షాఫ్ట్‌ని ఒకరు గట్టిగా పట్టుకోవాలి. లీవర్ నాబ్ పక్కన స్కేలు పెట్టి ముందుకూ వెనక్కీ ఎంత, పక్కలకు ఎంత ఊగుతుందో విడివిడిగా రాసుకోండి. మా లెక్కలో 5, 6 మి.మీ. అయితే మంచిది. 15 దాటితే ఏ గేరు ఎక్కడుందో చెయ్యి వెతుక్కుంటుంది. తర్వాత ఒక్కో జాయింట్‌కి అటూ ఇటూ చేతులు వేసి కదుపుతూ, లూజు ఎక్కడ ఎంతుందో చూడండి.

చిన్న లూజు నాబ్ దగ్గరకొచ్చేసరికి ఎంతవుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. లీవర్ పివట్‌కి పైన 200 మి.మీ., కింద 40 మి.మీ. ఉంటే నిష్పత్తి అయిదు. కింద పిన్నులో అర మి.మీ. లూజు నాబ్ దగ్గర రెండున్నర. తిరిగే దిశలో ఇంకా దారుణం. 22 మి.మీ. ట్యూబ్‌లో యూనివర్సల్ జాయింట్‌ని (వంపు దగ్గర రాడ్ ముక్కల్ని కలిపేది) 6 మి.మీ. బోల్టుతో బిగించి, రంధ్రం 6.5 మి.మీ. వేశారనుకోండి. ఆ ఒక్క చోటే దాదాపు 2.6 డిగ్రీల ప్లే వస్తుంది. లీవర్ నేరుగా రాడ్‌ని తిప్పే రకమైతే నాబ్ దగ్గర అది 9 మి.మీ. ఇలాంటి బోల్టులు మూడుంటే రెండో గేరు వరుసకీ నాలుగో గేరు వరుసకీ తేడాయే తెలియదు. బోల్టు ఎంత బిగించినా ఈ లూజు పోదు, ట్యూబ్ గోడలు నొక్కుకుపోతాయంతే.

మందు సులువైనదే. రంధ్రాన్ని 5.8 మి.మీ. డ్రిల్‌తో వేసి 6 మి.మీ. రీమర్‌తో పూర్తిచేసి, మరలేని నున్నటి భాగం రంధ్రం మొత్తం నిండేంత పొడవున్న బోల్టు వేయండి. అంతకన్నా మంచిది టేపర్ పిన్ (ఒక చివరకు సన్నబడే పిన్). రీమింగ్ జాయింట్ విడిగా, ట్యూబ్ విడిగా కాకుండా రెండూ కలిపి బిగించి పట్టుకునే చేయాలి.

జాయింట్ల విషయానికొస్తే, సాకెట్ సెట్లలో దొరికే రకం యూనివర్సల్ జాయింట్లు వాడకండి. కొత్తగా ఉన్నప్పుడే వాటి పిన్నులు వదులు. స్టీరింగ్‌కి వాడే నీడిల్ రోలర్ రకం ఎంచుకోండి. వంపు కోణం మీదా కన్నేయాలి. ఒకే జాయింట్ 30 డిగ్రీలు వంగి ఉంటే, తిరిగే నిష్పత్తి స్థానాన్ని బట్టి 0.87 నుంచి 1.15 దాకా మారుతుంది. అంటే ఒకవైపు వరుసకు లీవర్ కొంచెం కదిపితే చాలు, రెండోవైపు చాలా కదపాలి. 20 డిగ్రీల దగ్గర ఆ తేడా 0.94 నుంచి 1.06కి తగ్గిపోతుంది. పెద్ద వంపు తప్పనిసరైతే రెండు జాయింట్లకు సమానంగా పంచి, మధ్య ముక్కకు రెండు చివర్లా ఉన్న యోక్‌లు (జాయింట్ కొమ్ముల ముక్కలు) ఒకే తలంలో ఉండేలా వెల్డ్ చేయండి. మొదటి రాడ్, చివరి రాడ్ సమాంతరంగా ఉంటే ఒకదాని తేడాను రెండోది సరిచేస్తుంది. యోక్‌లను 90 డిగ్రీలు తేడాగా వెల్డ్ చేస్తే తప్పు రెట్టింపవుతుంది.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకోటుంది. ఈ రాడ్ తిరగడమే కాదు, ముందుకూ వెనక్కీ జరుగుతుంది కూడా. వంపు దగ్గర తోస్తే జాయింట్ పక్కకు తన్నుకుంటుంది. అందుకని చివరి రెండు రాడ్‌లకీ జాయింట్‌కి దగ్గరగా, 50 మి.మీ. లోపు, ఒక గైడ్ బేరింగ్ కావాలి. ఎగ్జాస్ట్ పైపులకు దూరంగా ఉంటే అసిటాల్ ప్లాస్టిక్ బుష్ సరిపోతుంది. 100 డిగ్రీలు దాటే చోట అది మెత్తబడి పట్టేస్తుంది కాబట్టి అక్కడ పీటీఎఫ్‌ఈ లైనర్ ఉన్న లోహపు స్ఫెరికల్ బేరింగ్ వేయండి. అది కొద్దిగా తలతిప్పుకోగలదు, బ్రాకెట్ అర డిగ్రీ వంకరగా ఉన్నా రాడ్ బిగుసుకోదు. రాడ్‌కీ బేరింగ్‌కీ మధ్య సందు 0.05 నుంచి 0.1 మి.మీ. ఉండాలి. బేరింగ్ జారే భాగంలో రాడ్‌కి పెయింట్ వేయకండి.

ట్యూబ్ మందం కంటే వ్యాసం ముఖ్యం. మీటరు పొడవున్న 16 మి.మీ. స్టీలు ట్యూబ్, 1.5 మి.మీ. గోడతో, 10 న్యూటన్-మీటర్ల టార్క్‌కి 2 డిగ్రీలు మెలిపడుతుంది. అదే గోడ మందంతో 22 మి.మీ. ట్యూబ్ 0.7 డిగ్రీలే. బరువు పెరిగేది పావు కిలో లోపే. లీవర్‌లో రబ్బరులాంటి స్పర్శ ఉందంటే అది ప్లే కాదు, ఈ మెలి. రెండూ వేరువేరు జబ్బులు.

రాడ్ పొడవు సరిచేయడానికి ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉన్న ముక్క పెడితే విప్పకుండానే సర్దవచ్చు. మర కనీసం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు లోపలికి పట్టాలి, లాక్‌నట్ తప్పనిసరి. రాడ్ ఎండ్‌లు (రాడ్ చివర పెట్టే బాల్ జాయింట్లు) వాడితే రెండు చెంపల మధ్య బిగించండి. ఒకవైపు బోల్టుతోనే వేలాడేస్తే బాల్ ఊడినా రాడ్ జారిపోకుండా పెద్ద వాషర్ వేయాలి.

ఇంజన్ మౌంట్ల సంగతి. లీవర్ ఛాసీకి, సెలెక్టర్ షాఫ్ట్ ఇంజన్‌తో ఊగే గేర్‌బాక్స్‌కి. మెత్తటి రబ్బరు మౌంట్లుంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గేర్‌బాక్స్ తిరిగి, రాడ్ దాన్ని గేరులోంచి లాగేస్తుంది. పరీక్ష తేలిక: న్యూట్రల్‌లో ఇంజన్‌ని ఒక్కసారి రేస్ చేసి లీవర్ వంక చూడండి. లీవర్ కదిలితే మౌంట్లు గట్టిపరచండి, లేదా గేర్‌బాక్స్ వెనక భాగాన్ని ఛాసీకి ఒక టై రాడ్‌తో కట్టండి. చివరి గైడ్ బేరింగ్ బ్రాకెట్‌ని ఛాసీకి కాక గేర్‌బాక్స్ కేసింగ్‌కే బిగిస్తే సగం బాధ పోతుంది.

లీవర్ కదలిక తగ్గించాలన్న కోరిక అందరికీ ఉంటుంది. ప్లే పోయాకే దాని జోలికి వెళ్లండి. పివట్ కింది లీవర్ భాగాన్ని 40 నుంచి 50 మి.మీ.కి పెంచితే నాబ్ కదలిక అయిదో వంతు తగ్గి, తోసే బలం నాలుగో వంతు పెరుగుతుంది. పాత సింక్రోలు (గేరు కలిసే ముందు వేగాలను సమం చేసే రింగులు) ఆ బలాన్ని తట్టుకోవు, గేరు కలవడానికి వాటికి ఎంత సమయం కావాలో అంతా కావాలి. అందుకని ఒకేసారి పది మి.మీ. కంటే ఎక్కువ మార్చొద్దని మా సలహా.

అమర్చేటప్పుడు ఈ వరుస పాటించండి:

1. గేర్‌బాక్స్‌ని న్యూట్రల్‌లో, స్ప్రింగ్ నిలబెట్టే మూడు-నాలుగు వరుసలో ఉంచండి.
2. లీవర్‌ని అదే వరుసలో, నిటారుగా, ఒక చెక్క ముక్కతో కదలకుండా ఆపండి.
3. రాడ్‌ని పట్టే క్లాంప్ బిగించండి. బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా పట్టుకోండి.
4. ప్రతి గేరూ వేసి, ‘టక్’ మన్నాక లీవర్ ఇంకా 5 మి.మీ. అయినా కదలగలదా చూడండి. గేట్‌కో, సీటుకో, బాడీకో ముందే తగిలితే గేరు సగమే పడినట్టు, దారిలో ఎగిరిపోతుంది.
5. అన్నీ సరిగ్గా ఉన్నాక లీవర్ దగ్గర స్టాప్ బోల్టులు సర్దండి. చేతి బలం గేర్‌బాక్స్ లోపలి ఫోర్క్ మీద కాక స్టాప్ మీద ఆగాలి.
6. ప్రతి క్లాంప్ మీదుగా రాడ్ మీదికి ఒక పెయింట్ గీత గీయండి.

తప్పెక్కడుందో గేర్లే చెబుతాయి. ఒకటి, మూడు, అయిదు బాగా పడి రెండు, నాలుగు లోతుగా పడకపోతే రాడ్ పొడవు తప్పింది. మధ్య వరుస బాగుండి అయిదో గేరో రివర్సో దొరక్కపోతే తిరిగే కోణం తప్పింది. ఒకవైపు ఒకటీ రెండూ, ఇంకోవైపు అయిదూ కూడా దొరకడం కష్టమైతే అది జాయింట్ కోణమో, ట్యూబ్ మెలో. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు మాత్రమే తడబాటు ఉంటే పక్క స్ప్రింగ్ బలహీనంగా ఉంది. రెండు నుంచి మూడుకి చెయ్యి ఏటవాలుగా లాగడం మాని, న్యూట్రల్‌లో స్ప్రింగ్‌కి వదిలి నేరుగా ముందుకు తోసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

రాడ్ బదులు కేబుళ్లు వేసిన కార్లలో వేరే శత్రువు, ఘర్షణ. కేబుల్ మొత్తం తిరిగిన కోణాన్ని బట్టి బలం గుణకారంగా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే 90 డిగ్రీల వంపుకు 17 శాతం, మొత్తం 270 డిగ్రీలు తిరిగితే 60 శాతం అదనపు బలం కావాలి. కాబట్టి వంపులు తగ్గించి, ఉన్నవి 150 మి.మీ. వ్యాసార్ధానికి తక్కువ కాకుండా చూడండి. కేబుల్ తొడుగు పట్టే బ్రాకెట్లు వంగితే అది ప్లేలాగే అనిపిస్తుంది, 3 మి.మీ. ప్లేటుకి ఒక అంచు మడిచి గట్టిపరచండి.

ఆయిల్ విషయంలో గేర్‌బాక్స్ తయారీదారు చెప్పిన గ్రేడే పోయండి. ఇత్తడి సింక్రోలకు జీఎల్-4 చెప్పిన చోట జీఎల్-5 పోస్తే, దాని జారుడు గుణం వల్ల సింక్రో పట్టదు, గేరు గరగరమంటుంది. హైపాయిడ్ ఫైనల్ డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్‌కి జీఎల్-5 చెప్పిన చోట జీఎల్-4 పోస్తే పళ్లు అరిగిపోతాయి.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత కింద దూరి, పెయింట్ గీతలు చూడండి. ఏ గీత తెగి పక్కకు జరిగిందో ఆ క్లాంప్ జారింది. దాన్ని మళ్లీ బిగించి ఊరుకోకుండా రీమ్ చేసి టేపర్ పిన్ వేయండి.