పంట పోయాక నేనెవర్ని? రాసుకుని చూడండి

2021లో నల్ల తామర పురుగు పడి మా మిర్చి తోట మొత్తం ముడుచుకుపోయింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దిక్కు వెళ్ళాలంటేనే మొహం చెల్లేది కాదు, ఎవరు పలకరించినా 'నష్టపోయినోడు' అన్నట్టే వినిపించేది.

మీరూ అలాంటి స్థితిలో ఉంటే ఒక నోటుబుక్ తీసుకోండి. అమెరికా సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో అచ్చయిన ప్రయోగంలో విద్యార్థులతో వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును కలచివేసిన సంగతి రాయించాడు. జరిగిందీ, అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో హెల్త్ సెంటర్‌కు తక్కువగా వెళ్ళారు. మీరూ రెండూ రాయండి, తప్పులు పోతే పోనీ, ఎవరికీ చూపించక్కర్లేదు.

నాలుగో రోజు ఇంకో ప్రశ్న వేసుకోండి (ఇది నేను కలుపుకున్నది): ఆ కష్టంలో నేనేం చేశాను? అప్పిచ్చినాయన దగ్గరికి నేనే వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పి గడువు అడిగిన సంగతి రాశాక, 'నష్టపోయినోడు' పక్కన 'తప్పించుకు తిరగనోడు' అని ఇంకో పేరు కనిపించింది నాకు. అంతా మంచికే అని మాత్రం రాయకండి, అది అబద్ధం.

రాస్తుంటే బాధ ఇంకా పెరిగినా, బతకాలనిపించకపోయినా, పుస్తకం మూసేసి వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.