‘కరనివ’ వాడటం ఎలా?

జపనీస్‌లో కారణం చెప్పడానికి ‘కర’ చాలు. కానీ ‘ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గేది లేదు’ అనే పట్టుదల పలకాలంటే ‘కరనివ’ కావాలి. మధ్యస్థాయికి చేరినవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

క్రియ మామూలు రూపం పక్కన దీన్ని చేర్చండి: ‘యకుసొకు షిత కరనివ, మమొరనకెరెబ నరనై’, అంటే మాట ఇచ్చాక నిలబెట్టుకోవాల్సిందే. నామవాచకమైతే మధ్యలో ‘దె అరు’ రావాలి.

అసలు కిటుకంతా రెండో సగంలోనే ఉంది. అక్కడ బాధ్యతో, సంకల్పమో, కోరికో, సలహానో ఉండి తీరాలి. ‘వాన పడింది కాబట్టి దారి తడిసింది’ లాంటి వాక్యానికి ఇది అస్సలు పనికిరాదు. అక్కడ ‘నొదె’ వాడండి.

‘యరు కరనివ, కచితై’ అని గట్టిగా పైకి అనండి. బరిలోకి దిగాక గెలవాలనే ఆ బిగువు నాకెంతో ఇష్టం. మరింత లాంఛనంగా రాయాల్సినచోట ‘ఇజో వ’ వాడతారు.