అమెరికాలో మాస్టర్స్: ఎంబీఏ, కమ్యూనికేషన్ లీడర్‌షిప్, సైబర్ సెక్యూరిటీలలో ఏది ఎంచుకోవాలి, ఎలా దరఖాస్తు చేయాలి

అమెరికాలో మాస్టర్స్ చేయాలనుకునే తెలుగు విద్యార్థులు చాలామంది ముందుగా యూనివర్సిటీల జాబితా తయారు చేసుకుని, ఆ తర్వాతే కోర్సు గురించి ఆలోచిస్తారు. బిజినెస్, కమ్యూనికేషన్ లీడర్‌షిప్, సైబర్ సెక్యూరిటీ అనే మూడింటి మధ్య ఊగిసలాడుతున్నవారికి ఆ వరస పనికిరాదు. చదువు పూర్తయ్యాక ఏ పని చేయాలో, ఆ పనికి వీసా నిబంధనలు ఎంత గడువు ఇస్తాయో మొదట తేల్చుకుని, కోర్సును, చివరగా యూనివర్సిటీని ఎంచుకోవాలి.

ఈ మూడూ పైకి వేరువేరుగా కనిపించినా ఉద్యోగంలో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి. అమెరికా స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ మీద సైబర్ దాడి జరిగితే, దాని ప్రభావం మదుపరులకు చెప్పవలసినంత తీవ్రమైనదని కంపెనీ నిర్ధారించుకున్న తర్వాత 4 పనిదినాల్లో బహిరంగంగా వెల్లడించాలని అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2023లో నిబంధన తెచ్చింది. మన దేశంలో సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటన తెలిసిన 6 గంటల్లోనే ఆ సంస్థకు సమాచారం ఇవ్వాలి. ఏ సర్వర్‌లోకి ఎవరు, ఎలా చొరబడ్డారో తేల్చేది సెక్యూరిటీ బృందం, నష్టం ఎంత తీవ్రమో నిర్ణయించేది యాజమాన్యం, ఖాతాదారులకూ ఉద్యోగులకూ పత్రికలకూ ఏ మాటల్లో చెప్పాలో చూసేది కమ్యూనికేషన్ విభాగం. ఈ మూడు పాత్రల్లో మీరు ఏ కుర్చీలో కూర్చోదలచుకున్నారు అన్నదే అసలు ప్రశ్న.

జవాబు తట్టాక చూడవలసింది ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు పక్కన ముద్రించే సీఐపీ కోడ్. సబ్జెక్టులను వర్గీకరించడానికి అమెరికా ప్రభుత్వం వాడే సంఖ్య ఇది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవారికి సాధారణంగా 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి లభిస్తుంది. ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోడ్ అయితే మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు, కాని ఉద్యోగమిచ్చే సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి. సైబర్ సెక్యూరిటీ కోర్సుల్లో తరచుగా కనిపించే 11.1003 ఆ జాబితాలో ఉంది. సాధారణ ఎంబీఏకు వాడే 52.0201 లేదు, కాని మేనేజ్‌మెంట్ సైన్స్‌కు చెందిన 52.1301 ఉంది. అందుకే ఒకే ఊరిలోని రెండు ఎంబీఏలలో ఒకటి మూడేళ్ల అవకాశం, మరొకటి ఏడాది అవకాశం ఇవ్వవచ్చు. సంస్థాగత కమ్యూనికేషన్ కోడ్‌లకు సాధారణంగా ఈ సౌకర్యం ఉండదు. కోర్సు పేరులో ‘టెక్నాలజీ’, ‘అనలిటిక్స్’ అని ఉన్నంత మాత్రాన నమ్మకుండా, అడ్మిషన్ కార్యాలయానికి మెయిల్ రాసి కోడ్‌ను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. మొదటి 12 నెలల ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడపగల గరిష్ఠ కాలం 90 రోజులేనన్న విషయం కూడా లెక్కలో ఉంచుకోవాలి.

సైబర్ సెక్యూరిటీ కోర్సులు రెండు రకాలు. నెట్‌వర్క్ భద్రత, క్రిప్టోగ్రఫీ, మాల్‌వేర్ విశ్లేషణ, డిజిటల్ ఫోరెన్సిక్స్ నేర్పేవి కొన్ని. రిస్క్, ఆడిట్, విధానాలు, నిబంధనల అమలు ప్రధానంగా ఉండేవి మరికొన్ని. రెండింటి డిగ్రీ పేరూ ఒకటే కావచ్చు కనుక సిలబస్ పేజీ తెరిచి ల్యాబ్‌తో కూడిన సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో చూడాలి. రెండో రకానికి ప్రాధాన్యం పెరుగుతోంది: అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో తెచ్చిన సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ రెండో కూర్పు, అప్పటివరకు ఉన్న ఐదు విధులకు ‘గవర్న్’ (విధానాలు, పర్యవేక్షణ) అనే ఆరోదాన్ని చేర్చింది. కోడింగ్ మీద ఆసక్తి లేని కామర్స్ పట్టభద్రులకు ఈ రెండో రకం కోర్సు సరిపోవచ్చని నా అభిప్రాయం. మన కన్సల్టెన్సీలు అంతగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది: అమెరికా ప్రభుత్వ, రక్షణ రంగాల్లోని సెక్యూరిటీ ఉద్యోగాల్లో చాలావాటికి క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వ అనుమతి) అవసరం, అది సాధారణంగా అక్కడి పౌరులకే ఇస్తారు. సైబర్‌కార్ప్స్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ కూడా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తుంది. కాబట్టి మీ లక్ష్యం బ్యాంకులు, ఆస్పత్రులు, బీమా, సాఫ్ట్‌వేర్, ఆడిట్ సంస్థలు అయి ఉండాలి.

కమ్యూనికేషన్ లీడర్‌షిప్‌కు మంచి ఉదాహరణ సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్. అక్కడ ఇదే పేరుతో నడిచే ప్రోగ్రామ్‌లో ఒక డిగ్రీ డిజిటల్ మీడియా వైపు, మరొకటి కమ్యూనిటీలు, నెట్‌వర్క్‌ల వైపు ఉంటాయి. అదే రాష్ట్రంలోని గొంజాగా యూనివర్సిటీ కమ్యూనికేషన్, నాయకత్వ అధ్యయనాలను కలిపి మాస్టర్స్ ఇస్తుంది. ఈ రంగంలో ఆన్‌లైన్ కోర్సులు ఎక్కువ. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాలపు చదువు లెక్కలోకి ఒక టర్మ్‌లో ఒక ఆన్‌లైన్ క్లాస్ మాత్రమే వస్తుంది కనుక, పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు ఐ-20 రాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ చదవదలచినవారికి మాత్రం అదే అనుకూలం. పత్రికలు, ప్రకటనలు, స్వచ్ఛంద సంస్థలు, హెచ్‌ఆర్ విభాగాల్లో కొంతకాలం పనిచేసినవారికే ఈ చదువు ఫలిస్తుంది. బీటెక్ చేతికి రాగానే దీనికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

ఎంబీఏ విషయంలోనూ అనుభవానిదే పెద్ద పీట. పని అనుభవం లేనివారికి మేనేజ్‌మెంట్, బిజినెస్ అనలిటిక్స్ మాస్టర్స్ కోర్సులు వేరుగా ఉన్నాయి. బిజినెస్ స్కూళ్లకు ఏఏసీఎస్‌బీ అనే సంస్థ ఇచ్చే గుర్తింపు ఉందో లేదో చూడాలి. బిజినెస్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్ ఇప్పుడు 2 గంటల 15 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది. పాత 800 లెక్కతో పోల్చుకుని కంగారు పడనక్కరలేదు. బీకాం, బీబీఏ వంటి మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు అంగీకరించవు, ఫీజు కట్టే ముందే అడగాలి.

యూనివర్సిటీ గుర్తింపు తనిఖీ మీద ఒక పూట వెచ్చించినా తప్పులేదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్నవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే, వారిలో కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ అయితే అక్కడి అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసులు లేకుండా మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతుండగానే పనిచేసే అనుమతి) ఇస్తామనే చోట ఆగి ఆలోచించాలి. పైగా పూర్తికాలపు సీపీటీ 12 నెలలు వాడితే అదే స్థాయి డిగ్రీకి ఓపీటీ అర్హత పోతుంది. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాలో అమెరికా మాస్టర్స్ వారికి కేటాయించిన 20,000 వీసాల కోటా, గుర్తింపు పొందిన ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని విద్యాసంస్థల పట్టాలకే వర్తిస్తుంది.

దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీని (ఈ కోర్సు ఎందుకో చెప్పే వ్యాసం) ‘చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎంతో మక్కువ’ అని మొదలుపెట్టేవారు కోకొల్లలు. దానికి బదులు చేసిన పనిని చూపించండి: ‘రాత్రి షిఫ్ట్‌లో ఒకే ఖాతా హైదరాబాద్ నుంచి, పది నిమిషాల తేడాతో మరో దేశం నుంచి లాగిన్ అయినట్టు లాగ్‌లో కనిపించింది, అది దాడి కాదు, ఉద్యోగి వాడిన వీపీఎన్ అని తేల్చడానికి ఈ మూడు ఆధారాలు చూశాను.’ ఇటువంటి రెండు వాక్యాలు ఒక పేజీ విశేషణాలకు సమానం. ఎంబీఏకైతే మీరు తీసుకున్న నిర్ణయాన్ని, దాని ఖర్చును రాయాలి. కమ్యూనికేషన్‌కైతే మీరు రాసిన ప్రకటనో, నడిపిన ప్రచారమో జతచేయాలి. ఎల్‌ఓఆర్‌లు (సిఫారసు లేఖలు) హెచ్‌ఓడీ సంతకం పెట్టిన అచ్చు నమూనాలు కాకుండా, మీ పని దగ్గరగా చూసినవారు స్వయంగా రాసినవై ఉంటే మేలు.

ఐ-20 కోసం కనీసం మొదటి ఏడాది ఖర్చుకు నిధులు చూపాలి. చదువు కోసం విదేశాలకు పంపే సొంత డబ్బు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది. గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణమైతే పడదు. రుణ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్ కోసం ముందటి ఏడాది వేసవిలోనే పరీక్షలు రాసి, డిసెంబరు, జనవరి నాటికి దరఖాస్తులు పంపితే రుణానికీ వీసా స్లాట్‌కీ వ్యవధి మిగులుతుంది.

ఐ-20 చేతికి రాగానే కోడ్, కోర్సు తేదీలు సరిచూసి, 350 డాలర్ల సెవిస్ ఫీజు (విద్యార్థి వివరాల ప్రభుత్వ నమోదు వ్యవస్థకు) కట్టి, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపాలి. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. మన పాస్‌పోర్టుల్లో తరచుగా కనిపించే ఇబ్బంది పేరుతోనే: ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే పాస్‌పోర్టులో ఉన్న పేరునే వీసా మీద ఇంటిపేరుగా వేసి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని ముద్రిస్తారు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్స్ వరకు అదే వెంట వస్తుంది. అందువల్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా నమోదు చేయించుకునే పనిని యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టకముందే, ట్రాన్స్‌క్రిప్టులు తెచ్చుకునే రోజుల్లోనే ముగించాలి.