బాల్ పైథాన్‌ను చేతిలోకి తీసుకోవడం ఎలా

బాల్ పైథాన్ అంటే ఇంట్లో పెంచుకునే ఒక రకం కొండచిలువ. ఇంటికి తెచ్చిన మొదటి వారం ముట్టుకోకండి. ఒక్కసారైనా మేత తిన్నాకే చేతిలోకి తీయడం మొదలుపెట్టాలి. తిన్నాక 48 గంటలు కదిలించొద్దు, కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారతాయి. చూపు సరిగ్గా ఆనక బెదురుతుంది, అప్పుడూ వద్దు.

ముందు చేతులు సబ్బుతో కడగండి. ఎలుక వాసన తగిలితే వేలినే మేత అనుకుంటుంది. పైనుంచి చెయ్యి దించితే గద్ద వాలినట్టే దానికి. పక్కనుంచి వెళ్లి, పాముల్ని ఎత్తే కొక్కెంతో ఒంటిని మెల్లగా తట్టి, నడుము కింద ఒక చెయ్యి, తోక వైపు ఇంకో చెయ్యి పెట్టి ఎత్తండి. తల పట్టుకోవద్దు. మెడలో వేసుకుని ఫొటోలు అసలే వద్దు. మొదట్లో 10 నిమిషాలు చాలు. మెడను ‘ఎస్’ ఆకారంలో వెనక్కి లాగిందంటే కాటుకు సిద్ధమైనట్టే, ఆ పూటకి వదిలేయండి.

కరిచి పట్టుకుంటే చెయ్యి లాక్కోకండి. పళ్లు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి చర్మం చీలుతుంది, పళ్లూ విరుగుతాయి. నోటి మీద చన్నీళ్లు పోస్తే చాలావరకు వదిలేస్తుంది. గాయాన్ని సబ్బుతో కడగండి. కరవకపోయినా చేతులు కడగాల్సిందే, దాని ఒంటి మీద విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ సరదా వద్దు.

ఇండియాలో అయితే బాల్ పైథాన్‌ను కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయడం తప్పనిసరి. మన జెర్రిపోతును పట్టి పెంచడం, విషం లేనిదైనా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.