కాన్పు తర్వాత రక్తస్రావం: ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

మన దేశంలో బాలింతల ప్రాణాలు తీసే ప్రధాన కారణం రక్తస్రావమే. బిడ్డ పుట్టి మాయ పడ్డాక గర్భసంచి బిగుసుకోవాలి. మెత్తగా ఉండిపోతే మాయ ఊడినచోట రక్తనాళాలు మూసుకోవు. చూస్తుండగానే అర లీటరు దాటిపోతుంది.

జాగ్రత్త నాలుగో నెల నుంచే మొదలవ్వాలి. రోజుకో ఐరన్ మాత్ర, కనీసం 180 రోజులు. టీతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో మేలు. విరేచనం నల్లగా అయితే కంగారొద్దు, చాలామంది అక్కడే మానేస్తారు. హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కంటే తగ్గితే మాత్రలతో సరిపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం తక్కువున్నవాళ్లు కొద్దిగా పోయినా తట్టుకోలేరు.

కాన్పు ఆసుపత్రిలోనే. బిడ్డ పుట్టిన నిమిషంలోపు సిబ్బంది గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇస్తారు. ఈ మందును 2–8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, వేడికి దాని పటుత్వం తగ్గుతుంది. రక్తం ఆగకపోతే పొట్టమీది నుంచి గర్భసంచి గట్టిపడేదాకా మర్దన చేస్తారు, మూత్రం తీయిస్తారు, కాన్పయిన 3 గంటల్లోపు రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము నరానికి నెమ్మదిగా ఎక్కిస్తారు.

ఇంటికొచ్చాక గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. సరిపడే గ్రూపు రక్తదాతలిద్దరి నంబర్లు ఎనిమిదో నెలలోనే రాసిపెట్టుకోండి.