పాత ఆరెంజ్ ప్లేట్లు కొన్నారా? వాటిలో పులిహోర మాత్రం పెట్టకండి

అమెరికాలో ఎండలు మొదలైతే వీధికో గరాజ్ సేల్. మనవాళ్లకీ ఈమధ్య పాత పింగాణీ, పాత గాజు సామాన్ల పిచ్చి బాగానే ముదిరింది, శనివారం పొద్దున్నే కాఫీ తాగేసి బయల్దేరుతున్నారు. అక్కడ ముదురు నారింజ రంగు ప్లేటు నిగనిగలాడుతూ కనిపిస్తే కాస్త ఆగండి. 1936లో వచ్చిన ఫియెస్టా అనే అమెరికన్ బ్రాండ్ ప్లేట్లకి 'ఎరుపు' పేరుతో వేసిన నారింజ పూతకి ఆ రంగు యురేనియం ఆక్సైడ్ వల్లే వచ్చింది. 1943లో అణుబాంబు పని కోసం ప్రభుత్వం యురేనియాన్ని తన చేతిలోకి తీసుకుంది, దాంతో ఆ రంగు ఆగిపోయి, 1959లో మళ్లీ వచ్చి, 1972 దాకా నడిచింది. ఇప్పుడు షాపుల్లో దొరికే కొత్త ఫియెస్టాలో యురేనియం లేదు, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

చాలామంది యువీ టార్చ్ వేసి చూసి తేల్చేస్తారు, అక్కడే పొరపాటు. యురేనియం కలిపిన పాత గాజు ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది గానీ, ఈ నారింజ పూత మామూలుగా మెరవదు. రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ దగ్గర పెడితే తెలుస్తుంది. అది లేకపోతే అనుమానం ఉన్న ప్లేటుని షోకేసుకే వదిలేయండి.

షోకేసులో ఉన్నంతవరకు పెద్ద భయం లేదు, యురేనియం వదిలే ఆల్ఫా కిరణాలు చర్మం దాటి రాలేవు. కానీ వేరే కిరణాలు కొంచెం బయటికి వస్తాయి కాబట్టి మంచం పక్కనో, రోజంతా కూర్చునే టేబుల్ మీదో మాత్రం వద్దు. చిక్కంతా కడుపులోకి వెళ్తేనే, అప్పుడు రేడియేషన్ కంటే ముందు యురేనియం విషమే కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. పులుపు తగిలితే పూతలోంచి యురేనియం కొంచెం కొంచెంగా తిండిలోకి దిగుతుంది, పాత పూతల్లో సీసం కూడా ఉండొచ్చు. ఇక మన తిండి సంగతి చెప్పేదేముంది, చింతపండో నిమ్మకాయో పడని పూట ఉంటుందా? అందుకే ఈ ప్లేట్లలో తినొద్దు, మిగిలిన పులుసు పోసి ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు, మైక్రోవేవ్ కూడా వద్దు.

అంచు చిట్లినవి, పూత పెచ్చులూడినవి సగం ధరకిచ్చినా కొనకండి. ఇంట్లో పగిలితే పిల్లల్ని దూరంగా పంపి, చేతికి గ్లవ్స్ వేసుకుని తడి పేపర్‌తో ఎత్తేయండి, పొడి చీపురూ వాక్యూమూ వాడితే దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. గడియారం చేద్దామని డ్రిల్లింగ్ చేయడం, అంచులు అరగదీయడం లాంటి ప్రయోగాలు కూడా ఇందుకే వద్దు.

ఇండియా వెళ్తూ అత్తగారికి గిఫ్ట్‌గా పట్టుకెళ్లే ఆలోచనుంటే మానుకోండి. ఆవిడ దాన్ని షోకేసులో పెట్టరు, ఆవకాయ వేసి మీకే వడ్డిస్తారు.