జ్వరం దిగిన ఇంటి తలుపు మళ్లీ తట్టండి

ముసురు పట్టి రెండు వారాలు గడిచేసరికి మా పక్క బ్లాకులో ఒకే మెట్ల దారిలో ఉన్న మూడు ఇళ్లలో జ్వరాలు మొదలయ్యాయి. అందులో రెండు డెంగీ అని పరీక్షలో తేలింది. ఆ సాయంత్రమే మహిళా సంఘాల వారు, యువజన సంఘం కుర్రాళ్లు, చర్చి తరఫున భోజనాలు పంచేవారు, పింఛనుదారుల సంఘం పెద్దలు ఒకచోట చేరి ఈసారి ఏం చేద్దామని అడిగారు. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ప్రభుత్వం పేదలకు కేటాయించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల సముదాయాల్లో ఇలాంటి సాయానికి దిగే వారందరి కోసం ఇది రాస్తున్నాను. చెత్త వేయవద్దు, దోమలు కుట్టకుండా చూసుకోండి అనే మాటలు ఆటోకు మైకు కట్టి రోజూ చెబుతూనే ఉన్నారు కనుక వాటి జోలికి పోను.

సాయం చేసేవాళ్లు ఏటా చేసే తప్పు ఒకటుంది. జ్వరం తగ్గిందని వినగానే, రోజూ వెళ్లి చూడాల్సిన వాళ్ల జాబితాలో ఆ పేరు కొట్టివేస్తారు.

గత ఏడాది మూడో అంతస్తులో ఆటో నడిపే మనిషి ఒకరు జ్వరంతో పడుకుంటే నాలుగు రోజులపాటు పొద్దునా సాయంత్రం వెళ్లి చూశాం. ఐదో రోజు వెళ్లేసరికి ఒళ్లు చల్లబడింది. ఆయన భార్య తలుపు దగ్గరే, "జరం ఇడిసిందన్నా, ఇగ మీరు మెట్లెక్కి రాకున్నా మంచిదే" అన్నది. నా చేతులతో నేనే ఆ పేరు మీద గీత గీశాను. మరునాడు ఆయన ఆటో తీశాడు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు పట్టుకున్నాయి; రాత్రి ఆసుపత్రికి చేర్చేసరికి కాళ్లూ చేతులూ మంచుముక్కల్లా ఉన్నాయి, నాడి అందడం లేదు. ప్రాణం దక్కింది గానీ, బిల్లు కట్టడానికి ఆ ఆటోనే అమ్ముకున్నారు.

డెంగీలో అసలు గండం ఒళ్లు కాలిపోతున్నప్పుడు కాదు, సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగిన తర్వాత 24 నుంచి 48 గంటల్లో వస్తుంది. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది, రక్తపోటు పడిపోతుంది. చాలామంది ఏమీ కాకుండానే ఈ రెండు రోజులూ దాటుతారు. ఎవరు దాటలేరో మాత్రం ముందుగా తెలియదు. కూలీ చేసుకునే ఇంట్లో జ్వరం దిగిన రోజంటే పనికి వెళ్లే రోజే కనుక, ఆ రెండు రోజులూ మనిషి ఇంట్లో ఉండడు, మనమూ వెళ్లం.

జాబితా రాసేటప్పుడు

థర్మామీటరు అంకె కన్నా రెండు తేదీలు ముఖ్యం: జ్వరం మొదలైన తేదీ, జ్వరం దిగిన తేదీ. మొదటి తేదీ ఉంటే ఏ రోజు ఏ పరీక్ష చేయించాలో వైద్యులకు తెలుస్తుంది, ఎందుకంటే మొదటి ఐదు రోజుల్లో చేసే ఎన్ఎస్1 పరీక్ష వేరు, ఆ తర్వాత చేసే ఐజీఎం పరీక్ష వేరు. రెండో తేదీ మన కోసం. ఆ తేదీ నుంచి పూర్తిగా మూడు రోజులు గడిచేవరకు పేరు జాబితాలోనే ఉండాలి.

పట్టా అడగవద్దు. ఆధార్ కార్డు అడగవద్దు. ఈ ఇళ్లను కిరాయికి ఇవ్వకూడదన్న నిబంధన ఉన్నా కొన్నిచోట్ల కిరాయిదారులే ఉంటున్నారన్నది అందరికీ తెలిసిన సంగతే. పుస్తకం పట్టుకుని ఎవరైనా వచ్చారంటే కేటాయింపు రద్దు చేయడానికే వచ్చారేమోనన్న భయంతో వాళ్లు జ్వరాన్ని కూడా దాచిపెడతారు. బ్లాకు, అంతస్తు, ఇంటి సంఖ్య, పిలిచే పేరు, ఫోను నంబరు చాలు. జాబితాను ఆశ కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు తప్ప మరెవరికీ చూపించబోమని తలుపు దగ్గరే చెప్పండి, చెప్పినట్టే ఉండండి.

నీళ్ల విషయంలో

డెంగీ దోమ మోరీలో పుట్టదు, మనం దాచుకున్న మంచినీళ్లలో పుడుతుంది. నల్లా ఎప్పుడు వస్తుందో తెలియని చోట డ్రమ్ములు నింపుకోవద్దని చెప్పడం అన్యాయం కనుక, మూత పెట్టండి లేదా బట్ట కట్టండి అని చెప్పాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది, అందుకే శుక్రవారం శుక్రవారం డ్రమ్ము ఖాళీ చేయమంటారు. ఖాళీ చేస్తే సరిపోదు. గోడకు అంటుకున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి లోపలివైపు పీచు పెట్టి రుద్దాలి. ఇంకొక మాట, తాళం వేసి ఉన్న ఇళ్లను మరువవద్దు. కేటాయించినా ఎవరూ దిగని ఇంట్లో మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో, బాల్కనీలో నిలిచిన వాననీళ్లలో పెరిగిన దోమలు పక్కింటి పిల్లల్నే కుడతాయి. అలాంటి ఇళ్ల సంఖ్యలు రాసి వార్డు అధికారికి కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పొగ యంత్రం తిరిగిందని నిశ్చింతగా ఉండకండి, ఆ పొగకు ఎగిరే దోమలు చస్తాయి గానీ నీళ్లలోని పురుగులు చావవు.

2023 జూలైలోనూ, 2025 అక్టోబరు చివర మొంథా తుపాను సమయంలోనూ ఇక్కడి కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు బియ్యం, దుప్పట్లు మొదటి మూడు రోజుల్లోనే ఇబ్బడిముబ్బడిగా వచ్చాయి. దోమలకు మాత్రం ఆ తర్వాత వారం పట్టింది. ఇచ్చేవాళ్లు ఉంటే రెండో వారానికి కొంత దాచి ఉంచమనండి. వరద నీళ్లు సంపులోకి దిగితే సంపు తోడి, కడిగి, క్లోరిన్ వేసేవరకు ఆ నీళ్లు తాగకూడదు. క్లోరిన్ బిళ్ల ఎన్ని లీటర్లకు ఒకటో పొట్లం మీదే రాసి ఉంటుంది, అందాజగా వేయవద్దు. ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద పొట్లమైతే లీటరు) కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున కలిపి ఇవ్వవద్దు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

జ్వరానికి పారాసెటమాల్ తప్ప మరేదీ ఇవ్వవద్దు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి, కనుక ఊరి వైద్యుడి దగ్గర సూది వేయించుకున్నారేమో అడిగి, ఏ సూదో కాగితం మీద రాయండి.

ఇంట్లో సెలైన్ ఎక్కించనివ్వవద్దు.

ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి సంబరపడవద్దు, భయపడవద్దు. బొప్పాయి ఆకు రసం మీద వాదనకు దిగి సమయం పోగొట్టుకోవద్దు. తాగితే తాగారు, ఆసుపత్రికి వెళ్లడం మాత్రం ఆపకూడదు.

రోగి పగలు కూడా దోమతెరలోనే పడుకోవాలి. ఈ దోమ పగలే కుడుతుంది, రోగిని కుట్టిన దోమే రోగాన్ని మోస్తుంది. 560 చదరపు అడుగుల ఇంట్లో వేరే గది కేటాయించమని చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని చూడాలి.

జ్వరం దిగిందా? పేరు అలాగే ఉంచండి.

తెరిపి లేని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, చేతులు చల్లబడటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం: వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి.

బ్లాకు సంఖ్య రాత్రి కూడా కనిపించేలా గేటు దగ్గర పెద్దగా రాయించండి. గేటు ముందు బండ్లు తీయించండి. లిఫ్టు లేని చోట రోగిని నడిపించి దించకండి. చేతుల కుర్చీ ఒకటి, మోయడానికి నలుగురి ఫోను నంబర్లు సిద్ధంగా పెట్టుకోండి.

రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు ఒక సంచిలో పెట్టి తలుపు వెనుక తగిలించమని ఇంటివాళ్లకు చెప్పండి. అవి ఆరోగ్యశ్రీ కోసం, మన పుస్తకం కోసం కాదు.

భోజనం ఇస్తూ ఫోటో తీయకండి.

ఆటో నడిపేవాళ్లకు, తాపీ పనివాళ్లకు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు జ్వరం దిగిన తర్వాతి మూడు రోజులకు సరిపడా బియ్యం, పప్పు ఇవ్వండి. అప్పుడే వాళ్లు ఇంట్లో ఉంటారు. జ్వరం ఉన్న రోజుల్లో ఇచ్చిన దానికన్నా ఇదే ఎక్కువ అక్కరకు వస్తుంది.

"తగ్గింది, రాకున్నా మంచిదే" అన్నా వెళ్లండి. ఫోనులో అడిగి ఊరుకోవద్దు, మనిషి ముఖం చూడండి.

తిరిగే వాళ్లకు జ్వరం వస్తే వాళ్ల పేర్లు కూడా అదే జాబితాలో రాయండి. పోయినసారి మాలో ఇద్దరివి రాయలేదు.